తిట్టుకొక మీట

నేను ఒక విమానం ముక్కును. మరీ ముక్కు ఒక్కటే కాదు లెండి. రెండు సీట్లు, గడియారాల పలక, నాలుగైదు మీటలు, ఒక స్టిక్కు, ఇంత దాకా ఉన్నాను. సీట్ల వెనక జానెడు దూరంలో నన్ను రంపంతో కోసేశారు. అక్కడి నుంచి తోక దాకా ఉన్నదాన్ని పాత ఇనుము కొనేవాడు పట్టుకుపోయాడు. రెక్కలు అంతకు ముందే పోయాయి. ఇన్ని పోయినా ఒకటి మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది. అది మనుషులంటే నాకున్న చులకన.

ఊరికే రాలేదు అది. నన్ను బెంగుళూరులో ఒక షెడ్డులో కట్టారు. ఇనుప గొట్టాలతో ఎముకలు అమర్చి, పైన గుడ్డ తొడిగి, గంజి పెట్టిన చీరలా బిగుసుకునేదాకా మందు పూసి, ముక్కులో ఇంజను పెట్టి, కోస్తాలో ఒక ఊరి ఫ్లయింగ్ క్లబ్బుకు పంపారు. క్లబ్బు పేరు చెప్పను. చెబితే ఇప్పుడు పెద్ద విమానాలు నడుపుతున్న కొందరి పరువు పోతుంది. ఆరేళ్లు అక్కడ ఎగిరాను. ఎడమ సీట్లో విద్యార్థి, కుడి సీట్లో గురువు. ఆ ఆరేళ్లలో ఎడమ సీటు నాకు నేర్పిన సత్యం ఒకటే: మనిషి బుర్ర వాడి మనసు చెప్పుచేతల్లో ఉంటుంది, మనసేమో ఎవరి చెప్పుచేతల్లోనూ ఉండదు.

ఇంటి నుంచి ఉత్తరం రాలేదని ఒకడికి గాలి ఎటు వీస్తోందో గుర్తుండదు. మెస్సులో పప్పు మాడిందని ఇంకొకడికి రేడియోలో తన పేరే గుర్తుండదు. గదిలో తోటివాడితో పోట్లాడి వచ్చినవాడికి ఆ పోట్లాటలో అనాల్సిన మాటలన్నీ రన్‌వే మీద గుర్తొస్తాయి, చెయ్యాల్సిన పనులు మాత్రం రావు. నాలో ఉన్న గడియారాలను చూడండి. వానైనా ఎండైనా, ఎవరు ఏడ్చినా నవ్వినా, ఎత్తు ఎత్తే చూపిస్తాయి, వేగం వేగమే చూపిస్తాయి. వాటిని చదవాల్సిన రెండు కళ్ల వెనకే ఉంది తిరకాసంతా.

నా రెక్కలు విరిచింది కోపమూ కాదు, దుఃఖమూ కాదు. సంతోషం. రంగాచారి అనే కుర్రవాడికి ఆ ఉదయం సంబంధం కుదిరిందని టెలిగ్రాం వచ్చింది. జేబులో టెలిగ్రాం పెట్టుకుని, ఈల వేసుకుంటూ ఎక్కాడు. ట్యాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు వదిలే కాక్ తిప్పడం మరిచిపోయాడు. గొట్టాల్లో మిగిలిన పెట్రోలుతో రెండు వందల అడుగుల దాకా లేచాను. అక్కడ నా గొంతు ఎండిపోయింది. ఒక మిరప చేలో దిగాం, దిగాం అనడం మర్యాద కోసం. అతనికి ఒక పన్ను ఊడింది. పెళ్లి మాత్రం అనుకున్న ముహూర్తానికే జరిగిందట. నాకు జరిగింది రంపపు కోత.

మెకానిక్ అప్పలకొండ నన్ను కోసి, కర్ర దిమ్మెల మీద నిలబెట్టి, హ్యాంగర్‌లో ఓ మూల పెట్టాడు. విమానాలుండే ఆ పెద్ద రేకుల షెడ్డునే హ్యాంగర్ అంటారు. నా పక్కన ఒక బల్ల, బల్ల మీద రేడియో సెట్టు. గాల్లో ఉన్నవాళ్లు మాట్లాడేదంతా దాని స్పీకరులో వినపడేది. ఇక నా ఉద్యోగం ఏమిటంటే, విద్యార్థులు నాలో కూర్చుని ఏ ఆపదకు ఏ మీట పట్టాలో నేలమీదే కంఠతా పట్టాలి. ఎగరలేనిదాన్ని ఎగరడం నేర్పించడానికి పెట్టారు. మనుషుల తెలివి అలాగే ఉంటుంది.

అప్పుడు నేను కెప్టెన్ ముక్తేవి భుజంగరావు చేతికి చిక్కాను. క్లబ్బుకు ప్రధాన గురువు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక రూళ్లకర్ర ఉండేది. విద్యార్థి చెయ్యి తప్పు మీట మీదకి పోతే నా నెత్తిన ఠక్కున ఒక్కటి పడేది. తప్పు వాళ్లది, దెబ్బ నాకు. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, భయం లేనిదే చదువు బుర్రలో నాటుకోదని. అందుకని ఇంజను ఆగితే చెయ్యాల్సిన ఆరు పనులకూ ఆరు తిట్లు తయారుచేసి పెట్టుకున్నాడు. ఏ ఏడాది వచ్చినవాళ్లకైనా అవే తిట్లు, అదే వరస.

"ముక్కు దించు! ఆకాశంలోకి చూస్తావేం, మీ మేనమామ ఉన్నాడా అక్కడ?" ఠక్. "స్పీడెంత? నన్నడుగుతావేం, ఆ గడియారం నా పెళ్లికిచ్చారా?" ఠక్. "దిగడానికి చోటు చూశావా? సినిమా హాల్లో సీటులా ఎవడో తువ్వాలేసి ఉంచుతాడనుకున్నావా?" ఠక్. "పెట్రోలు కాక్! అది మీ వీధి కుళాయి కాదు, ఇంకోళ్లొచ్చి తిప్పడానికి!" ఠక్. "స్విచ్చులు రెండూ చూడవోయ్. ఒకటి రాసి ఒకటి వదిలెయ్యడానికి ఛాయిస్ ప్రశ్నలా?" ఠక్.

ఆరోది కార్బ్ హీట్ అనే పిడి. గాల్లో తడి ఎక్కువగా ఉన్నప్పుడు ఇంజను గొంతులో మంచు పేరుకుంటుంది, ఊపిరాడక దగ్గుతుంది. ఆ పిడి లాగితే వేడిగాలి పోయి మంచు కరుగుతుంది. దానికి మాత్రం ఆయన దగ్గర స్థిరమైన తిట్టు ఉండేది కాదు. ఎదురుగా ఉన్నవాళ్లను బట్టి, ఎక్కడ తగిలితే నొప్పి పుడుతుందో అక్కడికి చూసి విసిరేవాడు. దాన్నే ఆయన బోధన అనుకునేవాడు.

ఒక ఏడు గుర్రం ఎస్తేరురాణి అనే అమ్మాయి వచ్చింది. బాపట్ల అవతల ఏదో పల్లె. తల్లి కరుణమ్మ ఆసుపత్రిలో ఆయా. రాష్ట్రం మొత్తానికి ప్రభుత్వం ఇచ్చే సీటు ఒకటే ఉంటే, పరీక్ష రాసి అది కొట్టుకొచ్చింది. నూనె రాసి బిగించిన జడ, రెండు జతల బట్టలు, సన్నటి గొంతు. మొదటిరోజు నాలో కూర్చుంటూ, కాలు తగిలిందని నన్ను ముట్టుకుని కళ్లకద్దుకుంది. నాకు నవ్వొచ్చింది. కోసేసిన ముక్కకు దణ్ణమేమిటి? కానీ ఇన్నేళ్లలో ఆ పని చేసినవాళ్లు వేరెవరూ లేరు, అదీ చెప్పాలి.

మొదటి ఐదు తిట్లూ అందరిలాగే ఆమెకూ పడ్డాయి. ఆరోదాని దగ్గర ఆమె చెయ్యి తడుముకుంది. భుజంగరావు రూళ్లకర్ర ఎత్తాడు. "ఏం, చెయ్యి రాదే? మీ అమ్మలా బెడ్‌పాన్లు మొయ్యడానికైతే వస్తుందా?"

ఠక్.

ఆమె పిడి లాగింది. తల ఎత్తలేదు, నోరు విప్పలేదు. ఆయన దృష్టిలో పాఠం పూర్తయింది, టీకి వెళ్లిపోయాడు. ఆమె పెదవులు మాత్రం కదిలాయి. గొంతు లేకుండా ఏదో అంది. అంత దగ్గరున్న నాకే వినపడలేదు.

ఆ తరవాత ఆమె మధ్యాహ్నాలు ఒంటరిగా వచ్చి నాలో కూర్చునేది. మిగతావాళ్లు భోంచేసి పడుకునే వేళ. వట్టి వరస గుర్తుచేసుకోబోతే మూడోదాని దగ్గర ఆగిపోయేది. కళ్లు మూసుకుని "సినిమా హాల్లో సీటులా…" అని ఆయన గొంతుతో గొణిగితే మాత్రం చూపు ఠక్కున కిందికి, చేలవైపు వెళ్లేది. తిట్టు అంటే చెయ్యి వెళ్లేది, తిట్టు అనకపోతే వెళ్లేది కాదు. తిట్టుకొక మీట. ఇదండీ, చంద్రుడి మీదకు మనుషుల్ని పంపిన జాతి బుర్ర పనిచేసే తీరు.

ఆమె వచ్చిన పదో నెలలో భుజంగరావుకు హెర్నియా ఆపరేషన్ పడింది. నెలన్నర సెలవు. ఆయన బదులు హైదరాబాదు నుంచి కెప్టెన్ ఇఫ్తికారుద్దీన్ వచ్చాడు. పొడుగ్గా, తెల్లటి గడ్డంతో, జేబులో ఎప్పుడూ సోంపు. ఆయన రూళ్లకర్ర చూసి, తీసి బీరువా మీద పెట్టేశాడు. నాలో ఎస్తేరును కూర్చోబెట్టి, "పరేషాన్ గాకమ్మా. నిమ్మళంగ చెయ్. యాదికి రాకుంటే రాకపాయె, మళ్ల చూద్దాం" అన్నాడు. సోంపు పెట్టాడు. ఆమె నవ్వింది. పదినెలల్లో నాలో కూర్చుని ఆమె నవ్వడం అదే మొదటిసారి.

నవ్వింది కదా, ఇంకేముంది, మొత్తం మరిచిపోయింది.

సోలో, అంటే గురువు లేకుండా ఒంటరిగా ఎగరడం, చెయ్యాలంటే ముందు గురువుతో ఎగిరి చెక్కు, అంటే పరీక్ష, పాసవ్వాలి. మూడు చెక్కులిస్తారు. మూడోది తప్పితే సీటు రద్దు, ఇంటికి దారి. మొదటి చెక్కులో ఇఫ్తికారుద్దీన్ గాల్లో ఇంజను తగ్గించి, "ఆగిపోయిందనుకో బేటా, ఏం జేస్తవ్?" అని చుట్టాన్ని కాఫీ తాగుతారా అని అడిగినంత మెత్తగా అడిగాడు. ఆమె ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆరింట్లో ఒక్కటీ తోచలేదు, అంత మెత్తటి మనిషి పక్కన తిట్లు కూడా గుర్తుకు రాలేదు. రెండోసారి ఆయన మరింత మెత్తగా అడిగాడు. ఆమెకు మరింత తోచలేదు. దిగాక నా పక్కనే నిలబడి ఆయన, "నేనేమన్న భయపెట్టిన్నా అమ్మా?" అని అడిగాడు పాపం. "లేదు సార్, మీరు చానా మంచోళ్లు" అని ఏడ్చింది.

క్లబ్బు సెక్రటరీ "ఈ పిల్ల వల్ల కాదండీ, ఉన్న ఒక్క సీటూ పాడైంది" అన్నాడు. భయమే గురువు అనుకునేవాడు ఒకడు, మంచితనమే గురువు అనుకునేవాడు ఒకడు, ఏదీ అనుకోకుండా సంతకాలు పెట్టేవాడు ఒకడు. ఏ మనసుతో దాచిన వస్తువును ఆ మనసుతోనే వెతకాలన్న చిన్న సంగతి ఆ ముగ్గురిలో ఒక్కడికీ తట్టలేదు. నాకు తెలుసు. నాకు నోరు లేదు, వాళ్లకు బుర్ర లేదు.

మూడో చెక్కుకు ముందురోజు మధ్యాహ్నం భుజంగరావు వచ్చాడు. ఆపరేషనై పన్నెండు రోజులైంది. నడుముకు పట్టీ, చేతిలో రూళ్లకర్రకు బదులు ఊతకర్ర. ఇంట్లో తోచక వచ్చాడు. నాలో కూర్చున్న ఎస్తేరు ఆయన్ను చూసి గబుక్కున దిగి నిలబడింది.

"సార్, ఒక్కసారి నన్ను తిట్టండి సార్."

"ఏమిటీ?"

"రేపు మూడో చెక్కండి. మీరు తిడితేనే నాకు గుర్తొస్తాయి. మీరు లేకపోతే ఒక్కటీ రాట్లేదు. ఒక్కసారి వరసపెట్టి తిట్టండి సార్, మీకు పుణ్యముంటది."

ఆయన మొహంలో గర్వం ఒక్కసారి వెలగబోయింది. గుండెల నిండా గాలి పీల్చి, "ముక్కు" అని అరవబోయి, పొత్తికడుపు పట్టుకుని నా పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. కుట్లు. దగ్గకూడదు, అరవకూడదు అని డాక్టరు చెప్పాడట. ఇరవయ్యేళ్ల బోధన అంతా ఆ రెండు అంగుళాల కుట్టు దగ్గర ఆగిపోయింది.

"నావల్ల కాదమ్మాయ్. నువ్వే చెప్పు, వింటాను" అన్నాడు.

ఆమె ఎక్కి కూర్చుని చెప్పింది. మేనమామ, పెళ్లిలో ఇచ్చిన గడియారం, తువ్వాలు, వీధి కుళాయి, ఛాయిస్ ప్రశ్నలు. ఆయన గొంతు, ఆయన విరుపు, మధ్యలో నాలుకతో ఠక్కులు కూడా. చేతులు తప్పు పోకుండా ఒక్కో మీటా పట్టుకుంటూ పోయాయి. వింటున్న ఆయన మొదట నవ్వాడు, తరవాత నవ్వడం మానేశాడు. ఆరోదాని దగ్గర ఆమె ఏమీ అనలేదు. పెదవులు కదిలాయి, చెయ్యి వెళ్లి పిడి లాగింది.

"దానికి నేనేమీ అనలేదా?"

"అన్నారు సార్."

"ఏమన్నాను?"

ఆమె పిడి మీంచి చెయ్యి తీసింది. తరవాత ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గొంతు పెట్టలేదు, తన గొంతుతోనే చెప్పింది.

భుజంగరావుకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు. అది ఆయన మొహం చూస్తే తెలిసింది. అన్నవాడి బుర్రలో అది ఒక్క పూటైనా నిలవలేదు, పడ్డదాని బుర్రలో పదినెలలు నిలిచింది.

"ఆసుపత్రిలో పది రోజులు… నా కింద పెట్టిందీ తీసిందీ ఒక ఆయాయే. పేరు కూడా అడగలేదు నేను" అన్నాడు. "ఆ మాట తీసెయ్ అమ్మాయ్. ఇంకేదైనా పెట్టుకో."

"తీస్తే చెయ్యెళ్లదు సార్" అందామె. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

మర్నాడు తెల్లవారకముందే వాన వెలిసింది. గాలి తడిబట్టలా బరువుగా ఉంది. ఇఫ్తికారుద్దీన్, ఎస్తేరు విమానమెక్కారు. పక్కసీట్లో ఆ పిల్ల తనలో తాను ఎవరినో తిట్టుకుంటుంటే ఆయన కంగారుపడ్డాడట, ఏమనాలో తోచక సోంపు నములుతూ కూర్చున్నాడట. ఆరుకి ఆరూ సరిగ్గా చేసింది. మూడుసార్లు దిగి లేచాక ఆయన రన్‌వే పక్కన దిగి, తలుపు వేసి, "పో బిడ్డా, ఒక్కదానివే ఒక చుట్టు కొట్టి రా" అన్నాడు.

హ్యాంగర్‌లో నా పక్కన, రేడియో బల్ల దగ్గర, భుజంగరావు ఊతకర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు. సెక్రటరీ కూడా వచ్చాడు, చెడ్డకబురు ముందుగా వినాలన్న ఉత్సాహంతో. ఆమె లేచింది, మలుపు తిరిగింది, రేడియోలో తన స్థానం చెప్పింది. చెప్పడం అయిపోయింది కానీ స్పీకరులో బుసబుస ఆగలేదు.

"మాటాడే బటన్ ఇరుక్కుపోనాది బాబూ" అన్నాడు అప్పలకొండ. "మనం మాటాడినా ఆ యమ్మకి ఇనపడదు."

అంటే ఆమె అనేదంతా ఇక్కడికి వినిపిస్తుంది, ఇక్కడి మాట ఒక్కటీ ఆమెను చేరదు. ఆమెకా సంగతి తెలియదు. మరో నిమిషానికి ఇంజను శబ్దం మారింది. దగ్గింది. మళ్లీ దగ్గింది.

సెక్రటరీ "అయ్యో" అన్నాడు. భుజంగరావు రేడియో మైకు పట్టుకుని అరవబోయాడు, కుట్లు పట్టేశాయి, అయినా అరిచాడు, "కార్బ్ హీట్! కార్బ్ హీట్ లాగమ్మా!" గోడలు విన్నాయి. నేను విన్నాను. ఇరవయ్యేళ్లు అరిచిన మనిషి గొంతు, అవసరమైన ఒక్కరోజు ఆ షెడ్డు దాటి పోలేదు.

స్పీకరులో సన్నటి గొంతు మొదలైంది. "ముక్కు దించు… మీ మేనమామ ఉన్నాడా అక్కడ." ఠక్, నాలుకతో. "స్పీడెంత… నా పెళ్లికిచ్చారా." ఠక్. గొంతు వణుకుతోంది, వరస వణకడం లేదు. తువ్వాలు. కుళాయి. ఇంజను దాదాపు ఆగిపోయింది. ఛాయిస్ ప్రశ్నలు. ఠక్. అక్కడ ఆమె గొంతు కాస్త ఆగింది. భుజంగరావు కళ్లు మూసుకున్నాడు. ఆ మాట వస్తుందని ఆయనకు తెలుసు, సెక్రటరీ ఎదుట, అప్పలకొండ ఎదుట, తన మాట తన ముందుకు వస్తుందని.

ఆ మాట రాలేదు. దానికి బదులు పదినెలలుగా గొంతు లేకుండా అంటున్నది మొదటిసారి గొంతుతో వచ్చింది.

"మా అమ్మ చెయ్యి ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు సార్. నాదీ చెయ్యదు."

పిడి లాగిన చప్పుడు. ఇంజను రెండుసార్లు కక్కి, గొంతు సవరించుకుని, గట్టిగా అందుకుంది.

నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ నేనూ తప్పే అనుకున్నాను. ఆ చేతిని నడిపింది తిట్టు కాదు, భయం అంతకన్నా కాదు. ఎదురు చెప్పలేక మింగిన జవాబు అది. ఆయన తన పాఠం నాటుకుందనుకున్న చోట ఆమె తన మాట నాటుకుంది. మనుషుల్ని నేను చులకనగా చూశానన్నాను కదా, ఆ ఒక్క పూట నన్ను కూడా అందులో కలుపుకున్నాను.

ఆమె దిగింది. మొదటి సోలో చేసినవాళ్ల నెత్తిన గురువు బిందెడు నీళ్లు పొయ్యడం మా క్లబ్బు ఆచారం. భుజంగరావు బిందె ఎత్తలేకపోయాడు. ఇఫ్తికారుద్దీన్ పోశాడు. తడిసి, నవ్వుతూ, వణుకుతూ నిలబడ్డ ఆమెకు, అంతా విన్నామని ఎవరూ చెప్పలేదు. భుజంగరావు దగ్గరికొచ్చి, "మీ అమ్మగారి పేరేమిటి?" అని అడిగాడు. చెప్పింది. ఆయన ఆ పేరు తనలో ఒకసారి అనుకుని, కర్ర ఆనించుకుంటూ వెళ్లిపోయాడు. రూళ్లకర్ర బీరువా మీదే ఉండిపోయింది. దాన్ని ఎలకలు కొరికాయి, నాకేం బాధ కలగలేదు.

తరవాత క్లబ్బు మూతపడింది. రన్‌వే మీద గడ్డి మొలిచింది. నన్ను లారీలో వేసి ఒక సైన్సు ప్రదర్శనశాలకు ఇచ్చారు. నా మీద 'యుద్ధ విమానం' అని బోర్డు పెట్టారు. రాసినవాడి చదువు ఏ మూడ్‌లో సాగిందో నాకు తెలియదు. వచ్చిన ప్రతివాడూ నా ముందు నిలబడి ఛాతీ విరుచుకుని ఫొటో దిగుతాడు, కారు తాళం ఎక్కడ పెట్టాడో తడుముకుంటూ వెళతాడు.

మొన్నామధ్య ఒకావిడ వచ్చింది. జుట్టు నెరిసింది, భుజాల మీద కెప్టెన్లకుండే నాలుగు చారలు. అక్కడి అటెండరమ్మను అడిగి నాలోకి ఎక్కింది. ఎక్కుతూ కాలు తగిలితే నన్ను ముట్టుకుని కళ్లకద్దుకుంది. కూర్చున్నాక ఆమె చేతులు వాటంతట అవే బయల్దేరాయి. ఐదు మీటలూ నిశ్శబ్దంగా అయ్యాయి. ఆరోదాని మీద చెయ్యి వెయ్యగానే నోటి వెంట వచ్చింది, "మా అమ్మ చెయ్యి ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు సార్. నాదీ చెయ్యదు."

"ఎవరితోనండీ మాట్లాడేది?" అంది అటెండరమ్మ.

ఆవిడ పిడి పట్టుకుని కాసేపు ఆలోచించింది. నుదురు ముడిపడింది, తరవాత విడిపోయింది. నవ్వేసింది. "ఎవరో ఏదో అన్నారండీ, చానా ఏళ్ల కిందట. దానికి జవాబిది. ఏమన్నారో మాత్రం ఎంత తన్నుకున్నా గుర్తుకు రాట్లేదు."

నాకు గుర్తుంది. అక్షరం పొల్లుపోకుండా, రూళ్లకర్ర దెబ్బతో సహా గుర్తుంది. ఒకరు ఏడిస్తే మారేవీ నవ్వితే మారేవీ నా దగ్గర లేవు, అందుకే నేను దేన్నీ మరవను. ఇన్నేళ్లూ అది నా గొప్ప అనుకున్నాను. ఆవిడ తేలిగ్గా దిగి వెళ్లిపోతుంటే, ఆ మాటను ఆ షెడ్డు మూల నుంచి ఇక్కడిదాకా మోసుకొచ్చింది నేనొక్కదాన్నే అని తెలిసింది.